మట్టిబాటలో రాత్రి సైకిల్‌కి ఏ లైటు కొనాలి

తిరుపతిలో ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున ఎనిమిదికే ఎండ చుర్రుమంటుంది. మట్టిబాటల్లో గేర్ సైకిల్ తొక్కేవాళ్లకు మిగిలేవి రెండే వేళలు. తెల్లవారకముందు, లేదంటే పొద్దుగూకాక. కార్తీకం, మార్గశిరంలో ఎండ బాధ ఉండదు గానీ పని ముగించుకుని ఇల్లు చేరేసరికే చీకటి పడిపోతుంది. మంచి లైటు లేకపోతే మన వైపు మట్టిబాట సైక్లింగ్ ఆదివారం పొద్దుటి పనిగానే మిగిలిపోతుంది.

లైటు కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా కనబడేది డబ్బా మీద 10,000 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని అచ్చేసిన సరుకు. తెచ్చి వరండాలో వెలిగిస్తే ఎదురింటి గోడ తెల్లబడిపోతుంది, మనసు నిండిపోతుంది. అదే లైటు వేసుకుని బండిబాటలో దిగువకు వస్తుంటే ఇరవై నిమిషాలకే వెలుగు సగానికి పడిపోతుంది, గుంత ఏదో, రాయి నీడ ఏదో తెలియదు. కొనేముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. మీరు ఎంత దూరంలో ఆగగలరు, నీడ ఎటు పడుతుంది, బ్యాటరీలో నిజంగా ఎంత సరుకుంది. ఈ మూడూ తెలిస్తే ల్యూమెన్ల అంకె దానంతటదే తేలుతుంది.

లైటు సంగతికి ముందు చోటు సంగతి. శేషాచలం కొండల్లో ఉన్నది 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, దాని చుట్టూ రిజర్వు అడవి. అనుమతి లేకుండా పార్కులో అడుగుపెట్టడమే వన్యప్రాణి చట్టం కింద నేరం, ఇక రాత్రిపూట మాటే అక్కర్లేదు. ఎర్రచందనం దొంగల కోసం కాపలా కాసేవాళ్లకు అడవి అంచున రాత్రి కదిలే దీపం అంటే ఒకటే అర్థం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసిబిడ్డను పొట్టనబెట్టుకుంది. ఎంత ఖరీదైన లైటూ దానికి మందు కాదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం పక్క ఊళ్లలో ఏనుగులు పంటల మీదికి దిగేది కూడా చీకటి పడ్డాకే. అటువైపు రాత్రి సైకిల్ ఆలోచనే మానుకోవాలి.

మిగిలిన చోటు తక్కువేమీ కాదు. చెరువు కట్టలు, మామిడి తోపుల నడుమ బండిబాటలు, వంకల పక్క దారులు, చంద్రగిరి నుంచి పాకాల, పూతలపట్టు దాకా కావలసినన్ని. తోపు ప్రైవేటుదైతే పగలే వెళ్లి కాపలా మనిషితో మాట్లాడండి. దారి వదిలి చేలోకి, గెనిమల మీదికి మాత్రం ససేమిరా వెళ్లొద్దు. అడవిపందుల కోసం కొందరు సన్నటి తీగ కట్టి దొంగచాటుగా కరెంటు ఇస్తారు. చట్టవిరుద్ధమే, మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు కూడా. ఆ తీగ ఏ లైటుకూ కనబడదు. రాత్రి తొక్కబోయే దారిని అదే వారంలో ఒకసారి పగలు తొక్కి చూసుకోవాలి. వానకు కొత్తగా తెగిన గండి, దారికి అడ్డంగా కొత్తగా కట్టిన కంచె, మట్టి తోలడానికి ట్రాక్టర్లు తవ్విన గొయ్యి లాంటివి లైటును నమ్ముకుని కనిపెట్టేవి కావు.

ఆగే దూరం

గంటకు 20 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 5.6 మీటర్లు. కంటికి రాయి కనబడి, మెదడు గుర్తుపట్టి, వేళ్లు బ్రేకు పట్టేసరికి ఒక సెకను పోయిందనుకోండి. వదులు మట్టి మీద, గులకరాళ్ల మీద చక్రం జారకుండా ఆగడానికి ఇంకో 5 మీటర్లు. మొత్తం దాదాపు 11. వేగం 15 అయితే 7 మీటర్లలో ఆగిపోతారు, 30 అయితే 20 మీటర్లు కావాలి. వేగం రెండింతలైతే ఆగే దూరం దాదాపు మూడింతలవుతుందని గమనించండి.

మన బండిబాటల్లో రాత్రి 20 దాటి తొక్కేవాళ్లు తక్కువ, కట్ట దిగేటప్పుడు మాత్రం 30కి చేరుతుంది. కాబట్టి కావలసింది 8 మీటర్ల లోపు నేల మొత్తం, పక్కలతో సహా, స్పష్టంగా చూపించే వెలుగు ఒకటి. 15 నుంచి 20 మీటర్ల దగ్గర రాబోయేదాన్ని పట్టి చూపించే వెలుగు ఇంకొకటి. రెండు పనులూ ఒకే లైటుతో చేయాలని చూస్తే రెండూ సగం సగమే అవుతాయి. 200 మీటర్ల అవతలి తాటిచెట్టు కనబడితే ముచ్చటగానే ఉంటుంది గానీ దానివల్ల సైకిల్‌కు ఒరిగేదేమీ లేదు.

నీడ

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. లైటు అమ్మేవాళ్లు దీని గురించి చెప్పరు.

నేల ఎత్తుపల్లాలను కన్ను నీడను బట్టి గుర్తుపడుతుంది. హ్యాండిల్ మీద లైటు నేల నుంచి దాదాపు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. దానికి 8 మీటర్ల ముందు 5 సెంటీమీటర్ల రాయి ఉంటే దాని వెనక 42 సెంటీమీటర్ల నీడ సాగుతుంది. మీ కన్ను లైటుకన్నా అర మీటరు పైనుంచి చూస్తుంది కాబట్టి ఆ నీడ చివరి భాగం, దాదాపు మూడో వంతు, కనబడుతుంది. పిడికిలంత రాయి, వెనక నల్లటి తోక. అది చూడగానే చేతులు వాటంతటవే సైకిల్‌ను పక్కకు తిప్పుతాయి.

అదే లైటును హెల్మెట్ మీదికి మార్చండి. ఇప్పుడు లైటు, కన్ను దాదాపు ఒకే చోట ఉన్నాయి. రాయి వెనక నీడ పడుతూనే ఉంటుంది, కానీ రాయి చాటునే పడుతుంది, మీకు కనబడదు. నేలంతా ఇస్త్రీ చేసిన పంచెలాగా చదునుగా అగుపిస్తుంది. హెల్మెట్ లైటు ఒక్కటే పెట్టుకుని "వెలుగు బాగానే ఉంది, ఎందుకో గుంతలు తెలియడం లేదు" అనేవాళ్ల ఇబ్బంది ఇదే. వాళ్లు ఇంకా ఎక్కువ ల్యూమెన్లు కొంటారు, నేల ఇంకా చదునవుతుంది.

హ్యాండిల్ లైటుకూ ఒక లోపం ఉంది. అది హ్యాండిల్ తిరిగిన వైపే చూస్తుంది. మలుపు దగ్గర మీరు లోపలి అంచును చూడాలి, లైటు నేరుగా కంపలోకి చూస్తుంటుంది. ముందు చక్రం గట్టు ఎక్కితే వెలుగు చెట్ల కొమ్మల్లోకి పోతుంది, దిగితే కాళ్ల దగ్గర పడుతుంది. పొడుగాటి నీడలు కొన్నిసార్లు గుంతల్లా భ్రమ కూడా కలిగిస్తాయి. ఇక్కడే హెల్మెట్ లైటు పనికొస్తుంది. తల తిప్పిన వైపు వెలుగు తిరుగుతుంది, అనుమానం వచ్చిన నీడలోకి తొంగిచూసి అది గుంతా కాదా తేల్చేస్తుంది.

కాబట్టి రెండూ కావాలి, రెండింటి పాళ్లూ కుదరాలి. హ్యాండిల్ మీద వెడల్పుగా పరుచుకునే లైటు, 800 నుంచి 1200 ల్యూమెన్లు. హెల్మెట్ మీద ఇరుకుగా దూరం పోయే లైటు, 500 నుంచి 800. హెల్మెట్ వెలుగు హ్యాండిల్ వెలుగును మింగేస్తే నీడలు చెరిగిపోతాయి, అందుకే హెల్మెట్ లైటు ఎప్పుడూ తక్కువలో ఉండాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు హ్యాండిల్ లైటు కొనండి. చెట్ల నడుమ మెలికలు తిరిగే సన్నటి దారుల్లో తొక్కేవాళ్లు చాలామంది హెల్మెట్ లైటే ముందంటారు, అక్కడికి అది నిజమే. మన బండిబాటలు వెడల్పు, మలుపులు తక్కువ, రాళ్లూ గుంతలూ ఎక్కువ. ఇక్కడ నీడదే పైచేయి.

ఇంకో విషయం. 20 మీటర్ల దూరంలో నేలను ఒక మీటరు ఎత్తు నుంచి చూసే లైటు వెలుగు చాలా ఏటవాలుగా పడుతుంది. ఎదురుగా నిలిచిన రాయి ముఖం మీద పడే వెలుగులో చదును నేలకు దక్కేది ఇరవయ్యో వంతే. రాళ్లు దూరం నుంచే మెరవడం, ఇసుక మేట మాత్రం చక్రం దిగబడేదాకా తెలియకపోవడం అందువల్లే. గుంతను కూడా దాని అవతలి గోడ మీద పడ్డ వెలుగును బట్టి గుర్తుపట్టాలి. ముందు నల్లటి చార, దాని వెనక తెల్లటి అంచు కనబడితే అది గుంత. ముందు తెలుపు, వెనక నలుపు అయితే రాయి. ఈ ఒక్క తేడా కంటికి అలవాటైతే రాత్రి తొక్కడం సగం వచ్చేసినట్టే.

డబ్బా మీది అంకెలు

ల్యూమెన్ అంటే లైటు నుంచి నలువైపులా బయటికొచ్చే మొత్తం వెలుగు. అది ఒకచోట ఎంత చిక్కగా ఉందో చెప్పేది క్యాండెలా. క్యాండెలాను దూరం వర్గంతో భాగిస్తే ఆ దూరంలో ఎన్ని లక్స్ వెలుగు పడుతుందో వస్తుంది. 10,000 క్యాండెలా లైటు 20 మీటర్ల దగ్గర 25 లక్స్ ఇస్తుంది, 40 మీటర్ల దగ్గర 6 లక్స్‌కు పడిపోతుంది. అదే లైటు డబ్బా మీద "200 మీటర్లు" అని ఉంటుంది. ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే అమెరికా ప్రమాణంలో దూరం అంటే వెలుగు పావు లక్స్‌కు తగ్గే చోటు, అంటే పున్నమి వెన్నెలంత. ఆ దూరాన్ని పదితో భాగించి, అంతవరకే సైకిల్‌కు పనికొస్తుందనుకుంటే సరిగ్గా సరిపోతుంది.

అదే ప్రమాణంలో ల్యూమెన్లను లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపే కొలుస్తారు. వెలిగే సమయాన్ని వెలుగు మొదటిదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కిస్తారు. 1000 ల్యూమెన్లు, 3 గంటలు అని రాసి ఉంటే, చివరి గంటలో మీకు దక్కేది 150 ల్యూమెన్లే అయినా ఆ మాట అబద్ధం కాదు. అందుకే పేరున్న కంపెనీలు ఇచ్చే వెలుగు–సమయం గీతను చూడాలి. అది మెట్టులాగా చదునుగా సాగి చివర్లో పడితే మంచి లైటు. మొదటి నుంచే జారుబండలా దిగిపోతుంటే వద్దు.

ఇప్పుడు బ్యాటరీ. చాలా లైట్లలో ఉండేవి 18650 సెల్లులు, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. మంచి కంపెనీ సెల్లులో గరిష్ఠంగా దాదాపు 3500 ఎంఏహెచ్ పడుతుంది. 3.6 వోల్టులతో గుణిస్తే 12.6 వాట్-అవర్లు. కాస్త పెద్దదైన 21700 సెల్లు 5000 ఎంఏహెచ్ అయితే 18 వాట్-అవర్లు. సైకిల్ లైటు అద్దం, సర్క్యూట్ నష్టాలు పోను ఒక వాటుకు సుమారు 110 ల్యూమెన్లు ఇస్తుంది. ఇక లెక్క మీరే వేయొచ్చు. 1000 ల్యూమెన్లకు 9 వాట్లు, ఒక 18650 సెల్లు మీద గంటా ఇరవై నిమిషాలు. 10,000 ల్యూమెన్లకు 90 వాట్లు కావాలి. రెండు సెల్లుల లైటు అయితే పావుగంటలో ఖాళీ అవుతుంది, అదీ ఆ సెల్లులు అంత కరెంటు ఇవ్వగలిగితే. ఈ లోపు అందులో సగానికి పైగా వేడిగా మారి అరచేతిలో పట్టే ఆ అల్యూమినియం ముక్కను కాల్చేస్తుంది. సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది అబద్ధం. తూకం వేస్తే సంగతి బయటపడుతుంది. అసలైన 18650 సెల్లు 45 నుంచి 50 గ్రాములుంటుంది. 30 గ్రాములకు తూగినదాన్ని వెనక్కి పంపండి.

మీ రైడుకు ఎంత కావాలో కూడా ఇలాగే తేలుతుంది. రెండున్నర గంటల రైడు అనుకోండి. అందులో గంటన్నర చదును, ఎక్కుడు. అప్పుడు 300 ల్యూమెన్లు చాలు, 4 వాట్-అవర్లు. గంటసేపు దిగుడు, రాళ్ల దారి. అక్కడ 1000 ల్యూమెన్లు, 9 వాట్-అవర్లు. మొత్తం 13. పంక్చర్ పడితే, దారి తప్పితే అని ఇంకో 4 కలపండి. 17 అయింది. అంటే ఒక 18650 చాలదు, ఒక 21700 గానీ రెండు 18650లు గానీ ఉన్న లైటు కావాలి. రైడంతా ఎక్కువలోనే ఉంచి తొక్కే అలవాటున్నవాళ్లకు ఏ బ్యాటరీ అయినా చాలదు.

వేడి గురించి ఒక మాట. ఈ లైట్లు గాలి తగిలితేనే చల్లబడతాయి. గంటకు 6 కిలోమీటర్ల వేగంతో ఎక్కుడు తొక్కేటప్పుడు గాలి ఉండదు. మే నెల రాత్రి ఏడింటికి బయటే 35 డిగ్రీలుంటే లైటు తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించేస్తుంది. అది లోపం కాదు, అలా తగ్గించని లైటే ప్రమాదం. ఎక్కుడులో మీరే ముందుగా తగ్గించుకుంటే దిగుడు మొదలయ్యేసరికి లైటు చల్లగా, నిండుగా సిద్ధంగా ఉంటుంది. పల్చటి ప్లాస్టిక్ ఒంటితో వచ్చే లైట్లను పక్కన పెట్టండి, వేడి బయటికి పోయే దారి వాటిలో లేదు.

వెలుగు రంగు, దుమ్ము, మంచు

వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు పోతుంది. చౌక లైట్లలో నీలం ఛాయ కొట్టే 6500 కెల్విన్ తెలుపు ఎక్కువ. మన నేల ఎర్రది. ఆ వెలుగులో ఎరుపు పాలు తక్కువ కాబట్టి ఎర్రమట్టి బూడిద కలిసిన గోధుమరంగులో చచ్చినట్టు కనబడుతుంది, ఎండుటాకుకూ మట్టికీ తేడా తెలియదు. 4000 నుంచి 5000 కెల్విన్ ఉన్నది తీసుకోండి. రంగుల్ని ఎంత సరిగా చూపిస్తుందో చెప్పే సీఆర్‌ఐ అంకె (గరిష్ఠం 100) ఇస్తే 80కి పైన ఉంటే మంచిది. 90 ఉన్నదానికి వెలుగు కొంచెం తగ్గుతుంది, అయినా నష్టం లేదు. ఎండుటాకుల మీద చుట్టుకున్న రక్తపింజరి ఒంటి మచ్చలు విడిగా కనబడాలంటే రంగులు సరిగా చూపే వెలుగు కావాలి. ఈ పాములు తిరిగేది కూడా మనం తిరిగే వేళల్లోనే. కాలు కింద పెట్టేముందు, పంక్చర్ వేయడానికి కూర్చునేముందు ఒకసారి చుట్టూ వెలుగు తిప్పి చూడండి. కాటు పడితే తాళ్లు కట్టడాలు, కోయడాలు పెట్టుకోకుండా 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి.

పసుపు వెలుగు దుమ్మును చీల్చుకుని పోతుందని చాలామంది నమ్మకం. దుమ్ము రేణువు, మంచు బిందువు అంత పెద్దవాటి దగ్గర రంగు వల్ల పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది లైటు ఉన్న చోటు వల్ల. నలుగురు కలిసి తొక్కేటప్పుడు ముందువాడి చక్రం లేపిన దుమ్ములో హెల్మెట్ లైటు వేస్తే కళ్లముందు తెల్ల దుప్పటి పరిచినట్టవుతుంది. కంటి పక్కనుంచే పోయిన వెలుగు దుమ్మును తాకి నేరుగా కంట్లోకే తిరిగొస్తుంది. అప్పుడు హెల్మెట్ లైటు ఆపి హ్యాండిల్ లైటును తగ్గించండి, దారి తేలుతుంది. జనవరి తెల్లవారుజామున చెరువు కట్టల మీద మంచులోనూ ఇదే మందు. ముందువాడికి ముప్పై మీటర్లు ఎడం ఇస్తే ఇంకా మంచిది.

హెల్మెట్ లైటుకు ఈ గుణమే ఒకచోట మేలు చేస్తుంది. ఆవు, మేక, కుక్క, నక్క కళ్ల వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. అది వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. లైటు మీ కంటి పక్కనే ఉంది కాబట్టి దూరంగా రెండు చుక్కలు మెరుస్తాయి. హ్యాండిల్ లైటుతో అంత స్పష్టంగా కనబడవు. గడ్డిలో పచ్చగా మిణుకుమనే సన్నటి చుక్కలు సాలీళ్లవి, భయం లేదు. నేలకు అడుగు ఎత్తులో జంటగా మెరిసి కదలకుండా ఉన్నవైతే వేగం తగ్గించి గంట కొట్టండి. దారిలో పడుకున్న కుక్క ఆఖరు క్షణంలోనే లేస్తుంది.

తొలకరి వాన పడ్డ మర్నాడు ఉసిళ్లు లేస్తాయి. హెల్మెట్ లైటుకు అవి గుంపుగా వచ్చి ముఖం మీద పడతాయి. తెల్ల అద్దాల కళ్లజోడు తప్పనిసరి. కంప రెమ్మల నుంచి కూడా అదే కాపాడుతుంది.

బిగించడం

సగం లైట్లు చెడేది ఇక్కడే, లైటు లోపల కాదు. మామూలు సైకిళ్ల హ్యాండిల్ మధ్యలో 25.4 మిల్లీమీటర్లు, కొత్త మౌంటెన్ బైకులకు 31.8 లేదా 35. రబ్బరు పట్టీతో బిగించేవి మూడు సైజులకూ పడతాయి, కానీ రాళ్ల దారిలో పావుగంటకల్లా ముక్కు కిందికి వేసేస్తాయి. లైటు బరువు 150 గ్రాములు దాటితే స్క్రూతో బిగించే మెటల్ క్లాంప్ ఉన్నదే తీసుకోండి. క్లాంప్ లోపల పాత ట్యూబు నుంచి కత్తిరించిన రెండు వేళ్ల వెడల్పు ముక్క వేయండి, జారదు. ఎండకు రబ్బరు పట్టీలు ఏడాదిలో బీటలు తీస్తాయి. వేలితో సాగదీసి చూసి, సన్నటి గీతలు కనబడితే మార్చేయండి.

హెల్మెట్ లైటు 120 గ్రాముల లోపు ఉండాలి. అంతకన్నా బరువైతే గంట తర్వాత మెడ పట్టేస్తుంది, గతుకుల్లో హెల్మెట్ ముందుకు జారి కళ్లమీద పడుతుంది. ఎక్కువసేపు వెలగాలంటే బ్యాటరీ విడిగా ఉండి వైరుతో వచ్చేది కొని, బ్యాటరీని వీపు సంచిలో వేసుకోండి. వైరు భుజం మీదుగా సంచిలోకి పోవాలి, వేలాడకూడదు. తుమ్మకొమ్మకు చిక్కుకుందంటే తల వెనక్కి గుంజుతుంది. లైటును హెల్మెట్‌కు ప్లాస్టిక్ జిప్ టై కట్టి బిగించేస్తుంటారు కొందరు, అది తప్పు. కొమ్మ తగిలినా, పడినా లైటు ఊడి పోవాలే గానీ మెడను లాగకూడదు. వెల్‌క్రో పట్టీయే దానికి సరైనది.

కోణం పెట్టడానికి చీకటి పడ్డాక చదును వీధిలో సైకిల్ నిలబెట్టి, మీరు ఎక్కి కూర్చోండి. ముందు చక్రం నుంచి 8 మీటర్లు కొలిచి చెప్పులు పెట్టండి, హ్యాండిల్ లైటు నడిమి వెలుగు అక్కడ పడాలి. 16 మీటర్ల దగ్గర ఇంకో గుర్తు. తొక్కేటప్పుడు ఉండే భంగిమలో తల పెట్టి మామూలుగా ముందుకు చూస్తే హెల్మెట్ లైటు గుండ్రం అక్కడ పడాలి. కుదిరాక మౌంటు మీద పెయింటుతో చిన్న గీత గీసుకుంటే మళ్లీ మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

కొన్న వారంలోనే చూసుకోవాల్సినవి

వాపసు ఇచ్చే గడువు దాటకముందే ఇవి చేసేయండి. టేబుల్ ఫ్యాన్ ముందు లైటును పూర్తి వెలుగులో పెట్టి అరగంట నడపండి. ఫోన్ కెమెరా ఎక్స్‌పోజర్‌ను లాక్ చేసి మొదటి నిమిషం, పదో నిమిషం, ముప్పయ్యో నిమిషం గోడను ఫొటో తీస్తే వెలుగు ఎంత పడిందో కళ్లారా తెలుస్తుంది. నాలుగు మీటర్ల దూరంలో తెల్లగోడ మీద వెలుగు చూడండి. నడుమ చిక్కగా ఉండి అంచులకు మెల్లగా పలచబడాలి. కత్తితో కోసినట్టు వలయాలు, నల్లటి మచ్చలు ఉంటే దారిలో కన్ను అలసిపోతుంది. తక్కువ వెలుగులో పెట్టి ముందు పెన్ను గబగబా ఊపండి. ఒక పెన్ను పది పెన్నుల్లా విడివిడిగా కనిపిస్తే లైటు మిణుకుతోందని, అది తలనొప్పి తెస్తుంది.

ఐపీఎక్స్4 అంటే చిమ్మిన నీళ్లకు తట్టుకుంటుంది, ఐపీఎక్స్6 అంటే గట్టి ధారకు, ఐపీఎక్స్7 అంటే మీటరు నీళ్లలో అరగంట. నవంబర్ వానల్లో తొక్కేవాళ్లకు 6 ఉండాలి. అయితే ఇవన్నీ చార్జింగ్ రంధ్రం మూత సరిగ్గా మూసినప్పుడే. ఆ రబ్బరు మూతే ముందు పాడవుతుంది. సీ-టైప్ రంధ్రం ఉన్నా కొన్ని చౌక లైట్లు రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో చార్జి కావు. లోపల పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లను తయారుచేసేవాళ్లు పెట్టకుండా ఖర్చు మిగుల్చుకుంటారు. పాత వెడల్పాటి యూఎస్‌బీ (ఏ-టైప్) నుంచి సీకి వచ్చే కేబుల్‌తో పెడితే ఎక్కుతుంది. లైటు చచ్చిపోయిందని పారేయకముందు ఇది చూడండి.

బటన్ మెత్తగా ఉంటే సంచిలో నొక్కుకుపోయి, చోటు చేరేసరికి బ్యాటరీ ఖాళీ అయి ఉంటుంది. లాక్ సౌకర్యం ఉందో లేదో చూడండి. ఒక్క నొక్కుకు తక్కువ–ఎక్కువ మారాలి, మధ్యలో ఫ్లాష్ అడ్డం రాకూడదు. దిగుడులో వెలుగు మార్చబోతే లైటు టపటపా కొట్టుకోవడం కన్నా ప్రమాదం లేదు. బ్యాటరీ గుర్తు నాలుగు చుక్కలుగా ఉంటే రెండు చుక్కలు మిగలగానే వెనక్కి తిరగాలి. ఆఖరి చుక్క లెక్కలోకి రాదు, సెల్లు రక్షణ సర్క్యూట్ ఒక్కసారిగా కోసేస్తుంది, హెచ్చరిక ఉండదు. అందుకే జేబులో 200 ల్యూమెన్ల చిన్న తలలైటు ఒకటి ఎప్పుడూ ఉండాలి. పంక్చర్ వేయడానికీ అదే. విడి సెల్లు తీసుకెళ్తే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. తాళాల గుత్తితో కలిపి జేబులో వేస్తే షార్టయి కాలుతుంది.

ఎదురుగా పాల క్యాన్లతో బండి వచ్చిందంటే హెల్మెట్ లైటు తగ్గించి తల పక్కకు తిప్పండి. తెల్లవారుజామున ఈ దారులన్నీ వాళ్లవే, కళ్లు బైర్లు కమ్మి క్యాన్లతో సహా పడితే పాపం మనదవుతుంది. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు అలవాటుగా ముఖం వైపు తిరుగుతాం, ముందు లైటు ఆపి తిరగండి. తారురోడ్డు ఎక్కగానే హ్యాండిల్ లైటు ముక్కు కొంచెం కిందికి దించి వెనక ఎర్రలైటు వేయండి. జర్మనీ ప్రమాణంతో పైభాగం కోసినట్టుండే లైట్లు రోడ్డుకు చాలా మంచివి. మట్టిబాటలో మాత్రం తలకు తగిలే కొమ్మల్ని చూపించవు.

ఇంటికొచ్చాక హెల్మెట్ లైటు మౌంటును తడిగుడ్డతో తుడవండి, చెమట ఉప్పు స్క్రూలను తినేస్తుంది. వేడిగా ఉన్న లైటును వెంటనే చార్జింగ్‌కు పెట్టొద్దు, అరగంట ఆగండి. సెల్లు 45 డిగ్రీల పైన చార్జి కావడం దాని ఆయువుకు చేటు. ఎండలో నిలిపిన కారులో లైటు వదిలేయకండి. వానల్లో రెండు నెలలు తొక్కకపోతే సగం చార్జిలో ఉంచి, మూత తెరిచి చార్జింగ్ రంధ్రాన్ని ఆరనిచ్చి, మళ్లీ మూసి అల్మారాలో పెట్టండి.